పసిపిల్లల ముక్కుల్లో మొండి బాక్టీరియా: లెక్కలు చెప్పిన కథ

ఐస్‌లాండ్ ఉత్తర అట్లాంటిక్ సముద్రంలో ఒంటరిగా ఉన్న ద్వీపం. 1988 నాటికి అక్కడి జనాభా రెండున్నర లక్షలు. అంటే మన జిల్లా కేంద్రాల్లో ఒక మోస్తరు పట్టణమంత. ఆ ఏడాది డిసెంబరులో రాజధాని రెక్యావిక్‌లోని ప్రయోగశాలలో పెన్సిలిన్‌కు లొంగని న్యూమోకాకస్ బాక్టీరియా మొదటిసారిగా కనిపించింది. అంతవరకూ ఆ దేశంలో అలాంటిది లేదు. ఐదేళ్లు గడిచేసరికి, 1993లో, పరీక్షకు వచ్చిన న్యూమోకాకస్‌లలో దాదాపు 20 శాతం పెన్సిలిన్‌కు పూర్తిగా లొంగనివే! అందులోనూ ఎక్కువ భాగం ఒక్క జాతికి చెందినవి. ఆ జాతి పెన్సిలిన్‌తో పాటు టెట్రాసైక్లిన్, క్లోరాంఫెనికాల్, ఎరిత్రోమైసిన్, కోట్రైమాక్సజోల్ వంటి మందులకూ లొంగలేదు.

ఈ బాక్టీరియా ఎవరి దగ్గర ఎక్కువగా కనిపించింది? వృద్ధుల్లోనో, ఆసుపత్రుల్లో ఏళ్ల తరబడి మంచం పట్టినవారిలోనో కాదు. ఆడుతూ పాడుతూ శిశు సంరక్షణ కేంద్రాలకు వెళ్లే ఏడేళ్లలోపు పిల్లల ముక్కుల్లో. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో అలెగ్జాండర్ టొమాష్ బృందం ఐస్‌లాండ్ బాక్టీరియా డి.ఎన్.ఎ.ని స్పెయిన్ బాక్టీరియా డి.ఎన్.ఎ.తో పోల్చి చూసింది. రెండూ ఒకే వంశానికి చెందినవని 1993లో తేల్చింది. స్పెయిన్‌లో చాలాకాలంగా పాతుకుపోయిన జాతి ఒకటి 1980ల చివర్లో సముద్రం దాటి ఆ ద్వీపంలో అడుగుపెట్టిందన్నమాట.

వచ్చిన దారి తెలిసింది. కానీ అంతకంటే పెద్ద ప్రశ్నలు మిగిలాయి. సున్నా నుంచి 20 శాతానికి అంత వేగంగా ఎలా పెరిగింది? పిల్లల గుంపులకూ దానికీ ఉన్న సంబంధం ఏమిటి? మందుల వాడకం తగ్గిస్తే అది తగ్గుతుందా? తగ్గితే ఎన్నేళ్లకు? సూక్ష్మదర్శిని ఒక్కటే వీటికి జవాబు చెప్పలేదు. లెక్క కావాలి. ఆ లెక్క పుట్టిన చరిత్రలో మన సికింద్రాబాదుకూ, మన బొంబాయికీ చోటుంది.

ముక్కులో కాపురం

న్యూమోకాకస్‌ను 1881లో ఫ్రాన్స్‌లో లూయీ పాశ్చర్, అమెరికాలో జార్జ్ స్టెర్న్‌బెర్గ్ ఒకరి సంగతి మరొకరికి తెలియకుండానే గుర్తించారు. పేరులో న్యుమోనియా ఉన్నా అది అనుక్షణం రోగం పెట్టే జీవి కాదు. ముక్కు వెనుక, గొంతు పైభాగాన వారాలో నెలలో కాపురం ఉంటుంది. ఆ తర్వాత శరీరం దాన్ని వెళ్లగొడుతుంది. ఈ కాలమంతా పిల్లవాడు చక్కగా ఆడుకుంటూనే ఉంటాడు. మహా అయితే ముక్కు కారుతుంది. ఎప్పుడో ఒకసారి మాత్రం అది దారి తప్పి చెవిలోకి పోతే చీము, ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా, రక్తంలో నుంచి మెదడు పొరలకు చేరితే ప్రాణాంతకమైన మెనింజైటిస్ వస్తాయి.

ఈ బాక్టీరియా చుట్టూ చక్కెర అణువులతో కట్టిన తొడుగు ఉంటుంది. తొడుగు నిర్మాణాన్ని బట్టి దీన్ని రకాలుగా విభజిస్తారు. వీటినే సెరోటైపులు అంటారు. ఇప్పటికి 100కు పైగా తెలుసు. ఒక రకం మీద శరీరం సంపాదించిన రక్షణ మరో రకం మీద అంతగా పనిచెయ్యదు. పైగా రెండేళ్లలోపు పిల్లల శరీరం ఈ చక్కెర తొడుగులను సరిగా గుర్తుపట్టలేదు. అందుకే పసిపిల్లల ముక్కు న్యూమోకాకస్‌కు పుట్టిల్లు.

దీనికి మరో విద్య కూడా ఉంది. 1928లో లండన్‌లో ఫ్రెడరిక్ గ్రిఫిత్ చచ్చిన న్యూమోకాకస్‌ల గుణం బతికిన వాటికి సంక్రమించడం ఎలుకల మీద ప్రయోగాల్లో చూశాడు. ఆ గుణాన్ని మోసేది డి.ఎన్.ఎ. అని 1944లో ఎవరీ, మాక్‌లియోడ్, మెకార్టీ నిరూపించారు. ఆధునిక జన్యుశాస్త్రానికి పునాది వేసిన ప్రయోగాలివి. అదే విద్య తర్వాత మనకు శత్రువైంది. ముక్కులో, గొంతులో పక్కనే ఉండే వేరే స్ట్రెప్టోకాకస్‌ల నుంచి జన్యువుల ముక్కలు దొరకబుచ్చుకుని, న్యూమోకాకస్ తన గోడ కట్టే ప్రోటీన్లను మార్చుకుంది. పెన్సిలిన్ పట్టుకునేది ఆ ప్రోటీన్లనే. పట్టు దొరకకపోతే మందు పనిచెయ్యదు.

పెన్సిలిన్‌ను కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945 డిసెంబరులో నోబెల్ ఉపన్యాసంలోనే హెచ్చరించాడు. చాలీచాలని మోతాదులో వాడితే సూక్ష్మజీవులకు మొండితనం అలవాటు చేసినట్లవుతుందని దాని సారాంశం. న్యూమోకాకస్ విషయంలో ఆ హెచ్చరిక నిజం కావడానికి రెండు దశాబ్దాలు పట్టింది. 1967లో ఆస్ట్రేలియా నుంచి మొదటి నివేదిక వచ్చింది. 1977లో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో పెన్సిలిన్‌కు లొంగని న్యూమోకాకస్ పిల్లల ప్రాణాలు తీసింది. జొహానెస్‌బర్గ్ ఆసుపత్రుల్లో ఒకేసారి అనేక మందులకు లొంగనివి బయటపడ్డాయి.

సికింద్రాబాదు నుంచి ఎడింబరో దాకా

1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడన్న సంగతి మన బడిపిల్లలకు కూడా తెలుసు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. అయితే తాను చేసిన పనుల్లో గణితానికి ఆయన ఎంత విలువ ఇచ్చాడో చాలామందికి తెలియదు. దోమే మలేరియాకు కారణమని ఒప్పుకున్నవాళ్లు కూడా ఒక ప్రశ్న వేసేవారు: ఊళ్లో ఉన్న దోమలన్నిటినీ ఎవరు చంపగలరు? అన్నిటినీ చంపనక్కరలేదని రాస్ సమాధానం. 1908లో మారిషస్ నివేదికలోనూ, ఆ తర్వాత మలేరియా నివారణపై రాసిన గ్రంథంలోనూ ఆయన సమీకరణాలతో దీన్ని చూపించాడు. దోమల సంఖ్య ఒక హద్దు కంటే తగ్గితే చాలు. ఒక్కో రోగి నుంచి సగటున ఒకరికన్నా తక్కువ మందికి వ్యాధి సోకుతుంది. అప్పుడు మలేరియా దానంతట అదే అంతరించిపోతుంది.

1901లో సియెర్రా లియోన్ యాత్రలో రాస్ వెంట ఆండర్సన్ మెకెండ్రిక్ అనే యువ వైద్యుడు ఉన్నాడు. గణితం నేర్చుకొమ్మని రాస్ అతన్ని ప్రోత్సహించాడు. మెకెండ్రిక్ తర్వాత ఇండియన్ మెడికల్ సర్వీసులో పనిచేశాడు. హిమాలయాల పాదాల దగ్గర కసౌలీలోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌కు నాయకత్వం వహించాడు. 1920లో స్వదేశానికి వెళ్లి ఎడింబరోలో స్థిరపడ్డాడు. అక్కడ విలియం కెర్మాక్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఆయనకు తోడయ్యాడు. కెర్మాక్ 1924లో ప్రయోగశాల ప్రమాదంలో చూపు కోల్పోయాడు. ఆ తర్వాత కూడా సమీకరణాలను మనసులోనే నడిపించేవాడు.

ఈ ఇద్దరూ కలిసి 1927లో ప్రచురించిన వ్యాసం నేటి అంటువ్యాధుల గణితానికి మూలస్తంభం. జనాన్ని వారు మూడు గుంపులుగా విడగొట్టారు: రోగం సోకడానికి అవకాశం ఉన్నవారు, సోకినవారు, కోలుకున్నవారో మరణించినవారో. ఒక గుంపు నుంచి మరో గుంపులోకి జనం ఏ వేగంతో కదులుతారో చెప్పే సమీకరణాలు రాశారు. తమ లెక్క నిజమో కాదో చూడటానికి వారు తీసుకున్న ఉదాహరణ బొంబాయి ప్లేగు. 1905 డిసెంబరు నుంచి 1906 జులై దాకా బొంబాయి ద్వీపంలో వారం వారం నమోదైన మరణాల సంఖ్యలను గీత మీద గుర్తించి, దానిపై తమ సమీకరణం గీసిన వంపును ఉంచారు. రెండూ దగ్గరగా సరిపోయాయి.

ఒక రోగి నుంచి సగటున ఎంతమందికి సోకుతుందన్న అంకెను ఇప్పుడు పునరుత్పత్తి సంఖ్య అంటున్నారు. అది ఒకటి దాటితే వ్యాప్తి పెరుగుతుంది, తగ్గితే ఆరిపోతుంది. కోవిడ్ రోజుల్లో 2020 తర్వాత దినపత్రికల్లో రోజూ కనిపించిన అంకె ఇదే.

రెండు జాతుల పోటీ

ప్లేగు లెక్కను ముక్కులోని బాక్టీరియాకు యథాతథంగా వర్తింపజెయ్యలేం. న్యూమోకాకస్ వదిలిపోయిన పిల్లవాడికి శాశ్వత రక్షణ ఉండదు. మరో రకం వచ్చి కూర్చుంటుంది. కాబట్టి ఇక్కడ గుంపులు రెండే: ముక్కు ఖాళీగా ఉన్న పిల్లలు, బాక్టీరియాను మోస్తున్న పిల్లలు. పిల్లలు ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిరుగుతూనే ఉంటారు. మోసేవారిలో మళ్లీ రెండు రకాలు: మందుకు లొంగే జాతిని మోసేవారు, మొండి జాతిని మోసేవారు. ఈ రెండు జాతులూ ఖాళీ ముక్కుల కోసం పోటీ పడతాయి.

ఉదాహరణకు సులభమైన అంకెలు అనుకొని లెక్క చేద్దాం. ఇవి కొలిచిన అంకెలు కావు, యంత్రం ఎలా పనిచేస్తుందో చూడటానికి తీసుకున్నవి. మందు పడకపోతే ఏ జాతి అయినా పిల్లవాడి ముక్కులో సగటున 2 నెలలు ఉంటుందనుకుందాం. అంటే నెలకు 0.5 చొప్పున ఖాళీ అవుతుంది. చుట్టూ ఉన్న ముక్కులన్నీ ఖాళీగా ఉంటే లొంగే జాతి నెలకు ఒకరికి సోకుతుంది. మొండితనానికి బాక్టీరియా కొంత మూల్యం చెల్లిస్తుంది కాబట్టి మొండి జాతి నెలకు 0.9 మందికి సోకుతుందనుకుందాం. ఇక మందు సంగతి. ఒక్కో పిల్లవాడికి సగటున 10 నెలలకు ఒకసారి యాంటీబయాటిక్ వేస్తున్నారు. మందు లొంగే జాతిని తుడిచిపెడుతుంది, మొండి జాతిని ఏమీ చెయ్యలేదు.

ఇప్పుడు లొంగే జాతి ఖాళీ అయ్యే రేటు 0.5కు 0.1 కలిపి 0.6. దాని పునరుత్పత్తి సంఖ్య 1ని 0.6తో భాగిస్తే 1.67. మొండి జాతిది 0.9ని 0.5తో భాగిస్తే 1.8. పోటీలో మొండి జాతిదే గెలుపు. మందు వాడకాన్ని సగానికి తగ్గించి 20 నెలలకు ఒకసారి చేస్తే? లొంగే జాతి ఖాళీ అయ్యే రేటు 0.55 అవుతుంది, పునరుత్పత్తి సంఖ్య 1.82కు పెరుగుతుంది. మొండి జాతిది 1.8 దగ్గరే ఉంది. పోటీ తారుమారయ్యింది! ప్రతి పిల్లవాడికీ మందు మాన్పించనక్కరలేదు. రాస్ దోమల విషయంలో చెప్పిన హద్దు లాంటిదే ఇక్కడా ఉంది.

అయితే ఇదే లెక్క ఒక చేదు నిజాన్ని కూడా చెబుతుంది. మొదటి పరిస్థితిలో, లొంగే జాతి స్థిరపడి ఉన్న సమాజంలోకి మొండి జాతి కొత్తగా వచ్చిందనుకోండి. అప్పటికి 60 శాతం ముక్కులు ఖాళీగా ఉంటాయి. మొండి జాతి నెలకు 0.9లో 60 శాతం, అంటే 0.54 చొప్పున సోకుతూ 0.5 చొప్పున ఖాళీ అవుతుంది. తేడా 0.04. ఆ వేగంతో అది 17 నెలలకొకసారి రెట్టింపవుతుంది. రెండో పరిస్థితిలో, మందు సగానికి తగ్గించి లొంగే జాతి పైచేయి అయ్యాక, మొండి జాతి నెలకు కేవలం 0.005 చొప్పున తగ్గుతుంది. సగం కావడానికి 11 ఏళ్లకు పైగా పడుతుంది! ఎక్కేటప్పుడు నిచ్చెన, దిగేటప్పుడు కొండదారి.

ఇది కేవలం మన ఊహాలెక్క కాదు. 1999లో ఆస్టిన్, ఆండర్సన్ అనే పరిశోధకులు రెక్యావిక్ సూక్ష్మజీవ శాస్త్రజ్ఞుడు కార్ల్ క్రిస్టిన్సన్‌తో కలిసి ఐస్‌లాండ్ అంకెలను ఇలాంటి నమూనాలో పెట్టి చూశారు. మొండితనం తలెత్తడానికి పట్టే కాలం తక్కువ, వాడకం తగ్గించాక అది క్షీణించడానికి పట్టే కాలం ఎక్కువ అన్నది వారి ముఖ్యమైన నిర్ధారణ. ఐస్‌లాండ్‌లో అప్పటికే వైద్యుల్లోనూ తల్లిదండ్రుల్లోనూ ప్రచారం జరిగి పిల్లలకు మందుల వాడకం తగ్గింది. 1993లో శిఖరానికి చేరిన మొండితనం ఆ తర్వాత తగ్గుముఖం పట్టింది. ఫిన్లాండ్‌లో మరో బాక్టీరియా విషయంలో ఇంకా ఆశాజనకమైన ఫలితం వచ్చింది. గొంతునొప్పి కలిగించే స్ట్రెప్టోకాకస్‌లలో ఎరిత్రోమైసిన్‌కు లొంగనివి 1992లో 16.5 శాతం ఉండగా, ఆ తరగతి మందుల వాడకం తగ్గించాక 1996 నాటికి 8.6 శాతానికి దిగాయి.

గుంపుకు ఉన్న బలం

ఇంతవరకూ వేసిన లెక్కలో ఒక లోపముంది. ఊరిలోని ప్రతి పిల్లవాడూ మిగిలిన ప్రతి పిల్లవాడినీ సమానంగా కలుస్తాడని అందులో అనుకున్నాం. నిజానికి రెండేళ్ల పిల్లవాడి లోకం చిన్నది. ఇంట్లో నలుగురు, శిశు సంరక్షణ కేంద్రంలో పదిహేనో ఇరవయ్యో మంది. ఆ గదిలో ఒకే బొమ్మ పది నోళ్లలోకి వెళ్తుంది. జలుబు ఒకరి నుంచి అందరికీ పాకుతుంది. జలుబు చేస్తే తుమ్ములు, తుమ్ములతో బాక్టీరియా వ్యాప్తి. జలుబు చెవి పోటుకు దారితీస్తే యాంటీబయాటిక్. పసి వయసు, గుంపు, మందు - మూడూ ఒకే గదిలో కలుస్తాయి. మొండి జాతికి అంతకంటే అనువైన చోటు ఏముంటుంది?

1990ల ఆరంభంలో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఒక శిశు సంరక్షణ కేంద్రంలో అనేక మందులకు లొంగని జాతి వ్యాపించిన సంగతి వెల్లడైంది. అదీ స్పెయిన్ వంశానిదే, అయితే మరో సెరోటైపు. ఐస్‌లాండ్‌లో 919 మంది పిల్లలపై జరిపి 1996లో ప్రచురించిన సర్వేలో సగానికి కాస్త ఎక్కువమంది ముక్కుల్లో న్యూమోకాకస్ కనిపించింది. ఆ న్యూమోకాకస్‌లలో దాదాపు పదో వంతు మొండివి. పోర్చుగల్‌లోని లిస్బన్ పరిశోధకులు ఒక కేంద్రంలోని పిల్లలను నెలనెలా ఏడాది పాటు పరీక్షించారు. జాతులు ఎంత తరచుగా చేతులు మారతాయో తేలింది. పిల్లవాడి ముక్కు సత్రం లాంటిది. ఒక బాటసారి వెళ్తే మరొకడు దిగుతాడు.

ఫిన్లాండ్‌లో మూడు కేంద్రాల పిల్లలతో పాటు వారి ఇంటివారినీ, ఆయాలనూ వరుసగా పరీక్షించారు. ఒక్కో సెరోటైపు ఒక్కో కేంద్రంలో చిన్నపాటి మంటలా చెలరేగి, కొన్ని నెలల్లో ఆరిపోతుందని ఆ సమాచారంతో కట్టిన నమూనాలు చూపాయి. కేంద్రంలో నుంచి నిప్పురవ్వ ఇంటికి వెళ్లి, తమ్ముడి ముక్కులో కొంతకాలం ఉండి, మళ్లీ మరో కేంద్రానికి చేరుతుంది.

అమెరికాలోని మసాచుసెట్స్ పిల్లల సమాచారంతో 2005లో ప్రచురితమైన మరో నమూనా ఇంకో మెట్టు ముందుకు వెళ్లింది. కేంద్రానికి వెళ్లే పిల్లవాడికి ముప్పు ఎక్కువన్నది పాత సంగతి. ఒక ఊళ్లో ఎక్కువమంది పిల్లలు కేంద్రాలకు వెళ్తుంటే, ఇంటిపట్టునే ఉండే పిల్లల ముక్కుల్లో కూడా న్యూమోకాకస్ పెరుగుతుందన్నది కొత్త సంగతి. అంటే ఇది ఒక కుటుంబం తన పిల్లవాడి గురించి తీసుకునే నిర్ణయంతో ముగిసిపోయే విషయం కాదు. మందు విషయమూ అంతే. పక్కింటి పిల్లవాడికి అనవసరంగా వేసిన మందు ఖర్చు మన పిల్లవాడి ముక్కు మీద కూడా పడుతుంది.

స్వీడన్ చేసిన పని

లెక్క కాగితం మీద ఉన్నంతవరకూ ఎవరికీ నొప్పి లేదు. దాన్ని పిల్లల మీద అమలు చేసినప్పుడే అసలు పరీక్ష. దక్షిణ స్వీడన్ అధికారులు 1995 జనవరిలో ఒక పథకం ప్రారంభించారు. మొండి న్యూమోకాకస్ కనిపించిన పిల్లవాడి చుట్టూ ఉన్నవారిని పరీక్షించేవారు. మొండితనం ఒక స్థాయి దాటిన జాతిని మోస్తున్న పిల్లలను, ముక్కు శుభ్రపడిందని పరీక్షలో తేలేదాకా సంరక్షణ కేంద్రానికి రానిచ్చేవారు కాదు. 1996 నుంచి దేశమంతటా ఇలాంటి కేసులను అధికారులకు తెలియజెయ్యాలన్న నియమం కూడా వచ్చింది.

ఇక్కడ న్యాయమైన ప్రశ్న ఒకటుంది. ఆ పిల్లవాడికి రోగం లేదు. చక్కగా తింటున్నాడు, ఆడుతున్నాడు. అతని తప్పేమీ లేదు. అయినా వారాల తరబడి స్నేహితులకు దూరంగా ఇంట్లో ఉండాలి. తల్లో తండ్రో ఉద్యోగం మాని దగ్గరుండాలి. దీనికి తగిన ఫలితం దక్కుతోందా? స్వీడన్‌లో మొండి జాతుల శాతం ఇతర దేశాలతో పోలిస్తే తక్కువగానే ఉండిపోయింది. కానీ ఆ ఘనత పిల్లలను ఇంట ఉంచడానికి దక్కాలా, అదే కాలంలో దేశమంతటా తగ్గిన మందుల వాడకానికి దక్కాలా? రెండూ ఒకేసారి జరిగాయి కాబట్టి విడదీయడం కష్టం.

నమూనా అవసరం ఇక్కడే. కంప్యూటర్‌లో ఒక ఊరిని కట్టవచ్చు. ప్రతి పిల్లవాడికీ ఒక ఇల్లు, ఒక కేంద్రం, ఒక బడి ఇచ్చి, రోజులు గడిపించవచ్చు. ఆ ఊళ్లో ఒకసారి మందులు తగ్గించి, ఇంకోసారి పిల్లలను ఇంట్లో ఉంచి, మరోసారి గుంపులను చిన్నవి చేసి చూడవచ్చు. నిజమైన పిల్లల మీద ఇన్ని ప్రయోగాలు చెయ్యడానికి ఎవరు ఒప్పుకుంటారు? స్వీడన్ పరిశోధకులే 2008లో ఇటువంటి నమూనాను ప్రచురించారు. కేంద్రంలో పిల్లల గుంపుల పరిమాణం తగ్గించడం కూడా ఒక సాధనమేనని అది సూచించింది. ఒక్కో పిల్లవాడిని వేలెత్తి చూపడం కన్నా ఇది మర్యాదైన పద్ధతి.

టీకా ప్రవేశం

న్యూమోకాకస్ కథలో మలుపు తిప్పినది టీకా. చిన్నపిల్లల్లో కూడా పనిచేసేలా చక్కెర తొడుగును ప్రోటీన్‌కు జతచేసి తయారుచేసిన, ఏడు సెరోటైపుల టీకాకు 2000లో అమెరికాలో అనుమతి లభించింది. మొండి జాతుల్లో చాలా భాగం ఆ ఏడింటిలోనే ఉన్నాయి. అందువల్ల 1999కీ 2004కీ మధ్య అక్కడ పెన్సిలిన్‌కు పూర్తిగా లొంగని న్యూమోకాకస్ కలిగించే తీవ్ర వ్యాధులు 57 శాతం తగ్గాయి. టీకా వేయించుకోని పెద్దవారికి కూడా మేలు జరిగింది, ఎందుకంటే వారికి అంటించే పిల్లల ముక్కులు శుభ్రపడ్డాయి.

అయితే టీకా రాకముందే, 1997లో, మార్క్ లిప్‌సిచ్ గణిత నమూనాతో ఒక హెచ్చరిక చేశాడు. కొన్ని సెరోటైపులను తొలగిస్తే వాటితో పోటీలో ఓడిపోతున్న మిగిలినవి ఖాళీ అయిన చోటును ఆక్రమించవచ్చని. అలాగే జరిగింది. 2000 తర్వాతి దశాబ్దంలో టీకాలో లేని 19ఎ అనే సెరోటైపు పైకి లేచింది, అదీ మొండితనంతో సహా. దాన్ని కూడా కలుపుకున్న పదమూడు సెరోటైపుల టీకాకు 2010లో అమెరికాలో అనుమతి లభించింది. ముందే చెప్పి, తర్వాత నిజమని తేలిన మాట గణితానికి గౌరవం తెచ్చింది.

లెక్కకు అందని చిక్కుముడి

నమూనాలు అన్నీ చెప్పేశాయని అనుకోరాదు. మన చిన్న లెక్కలో ఎప్పుడూ ఒక జాతిదే గెలుపు. ఓడిన జాతి కాలక్రమంలో మాయమవ్వాలి. కానీ వాస్తవంలో అలా జరగడం లేదు. యూరప్ దేశాల్లో లొంగేవీ మొండివీ దశాబ్దాలుగా పక్కపక్కనే ఉన్నాయి. మందులు ఎక్కువగా వాడే దేశంలో మొండివి ఎక్కువ, తక్కువగా వాడే దేశంలో తక్కువ. ఎక్కడా ఒకటి రెండోదాన్ని పూర్తిగా తుడిచిపెట్టలేదు. ఈ సహజీవనాన్ని వివరించడం తేలిక కాదని లిప్‌సిచ్ బృందమే 2009లో ఒప్పుకుంది. ఎక్కువ కాలం ముక్కులో ఉండే సెరోటైపులకు మందు తగిలే అవకాశం ఎక్కువ కనుక వాటికి మొండితనం లాభిస్తుందనీ, త్వరగా వెళ్లిపోయేవాటికి ఆ అవసరం లేదనీ 2017లో ఒక వివరణ వచ్చింది. ఒకే ముక్కులో రెండు జాతులూ కలిసి ఉండి పోటీ పడటమే కారణమని మరో వివరణ. చర్చ సాగుతూనే ఉంది. దీన్ని పండితుల తగవుగా కొట్టెయ్యకూడదు. ఏ వివరణ సరైనదన్నదాన్ని బట్టి మందు తగ్గిస్తే ఎంత ఫలితం వస్తుందన్న అంచనా మారుతుంది.

మన ముంగిట్లో

మరి ఈ లెక్కలు మనకు ఎంతవరకు వర్తిస్తాయి? దక్షిణ భారతంలో గ్రామీణ శిశువులపై జరిగిన పరిశోధనలో రెండు నెలల వయసుకే సగానికి పైగా శిశువుల ముక్కుల్లో న్యూమోకాకస్ కనిపించింది. ఆ వయసులో ఏ శిశువూ అంగన్‌వాడీకి వెళ్లదు. అమ్మ ఒడి, అక్క చంక, ఒకే గదిలో ఆరుగురి నిద్ర - మన దగ్గర బాక్టీరియా దారి ఇదే. కాబట్టి మోసే పిల్లవాడిని కేంద్రానికి రానివ్వకపోవడమనే స్వీడన్ పద్ధతి ఇక్కడ అర్థం లేనిది. పైగా హానికరం కూడా. 1975లో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం కింద అంగన్‌వాడీలో దొరికే గుడ్డు, పాలు, అన్నం ఆ పిల్లవాడికి న్యుమోనియాను తట్టుకునే బలాన్నిస్తాయి. ఒక దేశపు అంకెలతో కట్టిన నమూనాను మరో దేశానికి ఎత్తుకొచ్చి అతికించరాదని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఉండదు. మన అంకెలు మనం కొలవాలి, మన నమూనాలు మనం కట్టుకోవాలి.

రెండు విషయాలు మాత్రం ఎక్కడైనా ఒకటే. మొదటిది టీకా. మన సార్వత్రిక టీకా కార్యక్రమంలో న్యూమోకాకస్ టీకాను 2017లో కొన్ని రాష్ట్రాల్లో ప్రవేశపెట్టి, 2021లో దేశమంతటికీ విస్తరించారు. పూణేలో తయారయ్యే దేశీయ టీకా కూడా వచ్చింది. అంగన్‌వాడీలోనో ఉపకేంద్రంలోనో ఉచితంగా వేసే ఈ టీకా పిల్లవాడిని కాపాడుతుంది, మొండి జాతులకు చోటు లేకుండా చేస్తుంది. రెండవది మందు. జలుబుకు వైరస్ కారణం. యాంటీబయాటిక్ దాన్ని ముట్టుకోదు, ముక్కులోని లొంగే బాక్టీరియాను మాత్రం ఊడ్చేసి మొండి జాతికి చాప పరుస్తుంది. ఊళ్లో ఆర్.ఎం.పి. దగ్గరా, మందుల షాపులో చీటీ లేకుండానూ దొరికే రెండు రోజుల సిరప్పు చేసే పని ఇదే. 2014 మార్చి నుంచి కొన్ని యాంటీబయాటిక్కుల అమ్మకాన్ని విడిగా రిజిస్టరులో రాయాలన్న నిబంధన అమల్లోకి వచ్చింది. కానీ పిల్లలకు తరచుగా వాడే అమాక్సిసిలిన్ వంటివి ఆ జాబితాలో లేవు.

ఇందులో మరో వైపు కూడా మరువరాదు. మన దేశంలో న్యుమోనియాతో చనిపోయే పిల్లల్లో చాలామందికి సరైన మందు సమయానికి అందకపోవడమే కారణం. ఎగఊపిరి, డొక్కలు ఎగరేయడం, పాలు తాగలేకపోవడం కనిపించిన శిశువుకు యాంటీబయాటిక్ ప్రాణదాత. ఆ శిశువును ఆసుపత్రికి చేర్చడంలో గంట కూడా ఆలస్యం పనికిరాదు. జలుబుకు అనవసరంగా వాడి మొద్దుబార్చిన మందు, ఈ శిశువు దగ్గరికి వచ్చేసరికి పనిచెయ్యకుండా పోతుంది. తగ్గించవలసింది వృథా వాడకాన్ని, అవసరమైన వాడకాన్ని కాదు.

దోమలన్నిటినీ చంపనక్కరలేదు, హద్దు కిందికి తెస్తే చాలునని రాస్ లెక్క చెప్పింది. నూరేళ్ల తర్వాత పసిపిల్లల ముక్కుల మీద వేసిన లెక్కా అదే అంటోంది. కాకపోతే హద్దు దాటి పైకి ఎక్కడానికి నెలలు, కిందికి దిగడానికి ఏళ్లు పడుతుందన్న మాటను అదనంగా చేర్చింది. ఈ రోజు వృథాగా పోసిన ఒక్కో చెంచా సిరప్పుకూ వడ్డీ కట్టేది ఇంకా పుట్టని పిల్లలే.